ఊరు మారిన బోసు

కోల్‌కతాలో బిడ్డకు బోసు అని ఎవరూ పేరు పెట్టరు. పెట్టాల్సిన పని లేదు. తండ్రి బోసైతే కొడుకు పుట్టగానే బోసు. ఎల్గిన్ రోడ్డులోని నేతాజీ భవన్ నుంచి 1941 జనవరిలో బ్రిటిష్ నిఘా కళ్లుగప్పి మాయమైన సుభాష్ చంద్ర బోసుకు అది ఇంటిపేరు. తండ్రి జానకీనాథూ బోసే, అన్న శరత్ చంద్రా బోసే. ఆ ఇంట్లో బోసూ అని పిలిస్తే ఎంతమంది పలకాలి?

తెలుగునాట మాత్రం ఒక్కరే పలుకుతారు. ఇక్కడ అది పొలం గట్టు మీంచి కేకేసి పిలిచే సొంత పేరు. కారణం మన పేర్ల వరస. తెలుగువాడి ఇంటిపేరు ముందుంటుంది, పిలిచే పేరు చివరుంటుంది. సుభాష్ చంద్ర బోసు అని వినగానే మన చెవి చివరి మాటను పట్టుకుంది. బాలగంగాధర తిలక్‌లోనూ అంతే. ఆయన 1920 ఆగస్టు 1న పోయారు. సరిగ్గా ఏడాదికి తణుకు దగ్గర మండపాకలో పుట్టిన దేవరకొండ వారబ్బాయి ఆయన పేరే పెట్టుకుని తెలుగు సాహిత్యంలో తిలక్‌గా నిలిచాడు. ఒక మరాఠీ ఇంటిపేరు తెలుగు కవి పేరైంది. గాంధీలు, నెహ్రూలు వచ్చిన దారీ ఇదే. ఇంగ్లీషు దేశాల్లో మగపిల్లలకు కార్టర్, మేసన్, లింకన్ లాంటి ఇంటిపేర్లు పెట్టడం ఫ్యాషన్ అంటారు. మనవాళ్లు ఆ పని ఏనాడో చేశారు, ఫ్యాషన్ అనుకోకుండానే.

ఇందులో ఓ చమత్కారం ఉంది. 1939 జనవరిలో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి బోసు మీద పోటీ చేసింది మన భోగరాజు పట్టాభి సీతారామయ్యే. బోసుకు 1580 ఓట్లు, పట్టాభికి 1377. ఆ ఓటమి తనదేనని గాంధీజీ ప్రకటించడం, ఏప్రిల్‌లో బోసు రాజీనామా చేయడం చరిత్ర. మన మనిషిని ఓడించాడన్న కోపం మాత్రం తెలుగు తండ్రులు పెట్టుకోలేదు. ఆజాద్ హింద్ ఫౌజ్ కథలు విన్న ఇళ్లలో ఉయ్యాలలోకి చేరింది బోసు పేరే.

అర్థం ఏమిటంటారా? మూలం సంస్కృతంలోని వసు. సంపద అని అర్థం. భీష్ముడిగా పుట్టింది అష్టవసువుల్లో ఒకడే. బెంగాలీ నోట్లో వకారం బకారమై, అకారం ఒకారమై, సకారం శకారానికి దగ్గరై అది ‘బొషు’ అయింది. ఇంగ్లీషువాడు చివరి ఉకారం కోసేసి బోస్ అన్నాడు. జ్యోతి బసు ఇంటిపేరూ ఇదే, రాత తేడా అంతే. తెలుగువాడు అలవాటు కొద్దీ ఉకారం తగిలించి బోసు అన్నాడు. తెలియకుండానే బెంగాలీ ఉచ్చారణకు దగ్గరగా వెళ్లాడు. పైగా బోసినవ్వుల పసివాడికి అతికినట్టు సరిపోయింది కూడా.

అసలు మార్పు మరోచోట జరిగింది. బెంగాల్‌లో ఇంటిపేరు చెబితే కులం చెప్పినట్టే. బెనర్జీ అంటే బ్రాహ్మణుడు, బోసు అంటే కులీన కాయస్థుడు. ఆ గుర్తు తెలుగునేలకు చేరేసరికి రాలిపోయింది. ఇక్కడ ఏ కులం వారైనా బోసు కావచ్చు. 2019లో ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రి అయిన పిల్లి సుభాష్ చంద్ర బోస్ వెనుకబడిన తరగతుల నాయకుడు. కులం పేరు మోసే తోకను కోసుకోవడానికి ఉద్యమాలు నడిచిన దేశంలో, ఒక తోక తనంతట తాను పేరుగా మారి శుభ్రపడటం చిన్న విషయం కాదు.

చిక్కల్లా దరఖాస్తు ఫారాలతో వస్తుంది. సర్‌నేమ్ గడిలో బోసు అని రాస్తే తాతల నాటి ఇంటిపేరు తప్పిపోతుంది. రాయకపోతే, విదేశంలో చిన్నప్పటి నుంచి ఎవరూ పిలవని ఇంటిపేరుతో పిలుస్తారు. కోల్‌కతా వెళితే ఇంకో తంటా. పేరు వినగానే అవతలివారు బెంగాలీలో అందుకుంటారు.

2023 మార్చిలో ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ అందుకున్న రచయిత పూర్తి పేరు కనుకుంట్ల సుభాష్ చంద్రబోస్. ప్రపంచానికి తెలిసింది చంద్రబోస్‌గానే. బెంగాలీ లెక్కలో ‘చంద్ర’ సుభాష్ వైపుది. దాన్ని తెంచి బోసుకు అతికించి కొత్త పేరు చేసుకున్నారు తెలుగువాళ్లు.