ఏ ప్రతి? ఎవరి పరిష్కరణము?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల ఉన్నత విద్యామండలుల అధ్యక్షులకు బహిరంగ లేఖ

ఆర్యులారా,

ఎం.ఏ. ఆంగ్లశాఖలో అమెరికన్ నవలను బోధించుచు తల నెరసినవాడను. గత సంవత్సరము ‘హకిల్‌బెరి ఫిన్’లో పదునాఱవ ప్రకరణము చదివి రండని విద్యార్థులకు చెప్పి, మఱునాడు తరగతిలో, హక్ చీకటివేళ ఈదుకొనిపోయి ఒక పెద్ద తెప్పపై నక్కి పడవవాండ్ర ప్రగల్భములను, పీపాలోని పసికందు దయ్యపు కథను వినిన ఘట్టమునుగూర్చి ప్రశ్నింపగా, సగము మంది ఉత్సాహముతో చేతులెత్తిరి, తక్కినవారు అట్టి ఘట్టమే లేదనిరి. ఎవరును బొంకలేదు. ఇరువురి ఫోనులను ప్రక్కప్రక్కన నుంచి చూచితిని: ఒకదానిలో ఆ పుటలు కలవు, రెండవదానిలో లేవు. రెంటిపైనను గ్రంథనామ మొక్కటే, కర్తృనామ మొక్కటే. ఏ ముద్రణ ననుసరించి ఎక్కించినదియు తెలుపు వాక్యము మాత్రము రెంటను లేదు.

ట్వెయిన్ ఆ ఘట్టమును ముందుగా 1883 నాటి ‘లైఫ్ ఆన్ ది మిసిసిపీ’లో ప్రకటించి, 1885లో నవల అమెరికాలో వెలువడునప్పటికి ప్రకాశకుని సూచనపై దానిని విడిచిపెట్టెను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున మార్క్ ట్వెయిన్ ప్రాజెక్టు సంపాదకులు తమ పరిష్కరణమున దానిని మరల యథాస్థానమునకు జేర్చిరి. రెండు పక్షములకును యుక్తి కలదు. కాని రెండు పక్షములున్నవనియే యెఱుగని విద్యార్థి దేనిని విచారింపగలడు?

ఈ చిక్కు మనకు క్రొత్తది కాదు. బ్రౌను దొర వ్రాతప్రతులను సేకరించి, పండితులచే సరిపోల్పించి, పాఠశోధనము చేయించిన భాష మనది. వేమన పద్యమునకు పాఠాంతరము వెదకు మనము అమెరికన్ నవల యనగానే తెరపై ముందుగా కనబడిన ప్రతినే ప్రమాణముగా గైకొనుట వింత గాదా?

ప్రతిలోని లోపము తీర్పును సైతము తప్పించును. 1851 అక్టోబరులో మెల్విల్ నవల ‘ది వేల్’ అను పేర లండనున మూడు సంపుటములుగా వెలువడినపుడు చివరి ఉపసంహారము అందు లోపించెను. ఓడతో అందఱును మునిగిరి గదా, కథ చెప్పువాడెట్లు బ్రతికెనని కొందఱు విమర్శకులు రచయితను తప్పుపట్టిరి. నెల తిరుగకమునుపే న్యూయార్కున ‘మోబీ-డిక్’గా వెలువడిన ప్రతిలో కథకుడైన ఇష్మాయేలు శవపేటిక ఆధారముగా తేలి ప్రాణము దక్కించుకొన్న వైనము ఉండనే యున్నది. లోపము ముద్రణది, నింద రచయితది.

కావున అంతర్జాలమునందలి యే వనరునైనను పరీక్షించునపుడు నేనడుగు మొదటి ప్రశ్న: ఇది ఏ ప్రతి, ఎవరి పరిష్కరణము? రెండవది: ఇది విద్యార్థిని గ్రంథమునకు చేర్చునా, గ్రంథమునుండి తప్పించునా? ప్రకరణమునకు నాలుగు వాక్యముల సారాంశమును, పాత్రకు రెండు విశేషణములను పంచిపెట్టు వెబ్‌సైట్లు పరీక్షాపత్రమునకు చాలును గాని చదువునకు చాలవు. వానికి భిన్నముగా, వర్జీనియా విశ్వవిద్యాలయమున స్టీఫెన్ రైల్టన్ ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’పై కూర్చిన వెబ్‌సైటును చూడుడు. 1851 జూను మొదలు ‘నేషనల్ ఎరా’ పత్రికలో ధారావాహికముగా వచ్చిన పాఠము, నాటి సమీక్షలు, దానిపై దక్షిణాదివారు కోపించి వ్రాసిన ప్రతినవలలు, రంగస్థలరూపములు, పాటలు అందు కలవు. అది తీర్పు చెప్పక సాక్ష్యమును ముందుంచును. తీర్పు తరగతిలో పుట్టును.

మూడవ ప్రశ్న హక్కులది. హెమింగ్వే 1961లో మరణించెను. రచయిత మరణానంతరము 60 సంవత్సరములు హక్కును నిలుపు మన చట్టము చొప్పున ‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ’ 2022 జనవరి 1 నుండి భారతదేశమున అందఱి సొత్తు. 1952లో వెలువడిన ఆ నవల అమెరికాలో మాత్రము 2047 చివరివఱకు హక్కుదారులదే. అమెరికన్ వెబ్‌సైట్లు ఉచితముగా నీయజాలని ఆ గ్రంథమును మీరు శుద్ధప్రతిగా ముద్రించి ప్రతి కళాశాలకు పంపవచ్చును. హార్పర్ లీ 2016లో మరణించినది గనుక ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ విషయమున ఆ స్వేచ్ఛ లేదు. మన దేశమున దానిని అనుమతి లేక ఉచితముగా పంచునది దొంగసొత్తే.

1964లో హైదరాబాదున, ఉస్మానియా ప్రాంగణమున, అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ నెలకొన్నది. అట్టి కేంద్రపు గ్రంథాలయమున పుస్తకము అలమారకెక్కుటకు ముందే ఎవరో చదువుకొన్నవారు దానిని ఎంచియుందురు. చాళనము విద్యార్థి కంటబడకయే జరిగిపోవును. నేడా చాళనము చేయువారు లేరు. అంతర్జాలము గ్రంథాలయమంత విశాలమైనది గాని, దానికి గ్రంథపాలకుడు లేడు.

మిమ్ము కోరునది పెద్ద పథకము కాదు. ఒక వేసవి సెలవులలో రెండు రాష్ట్రములనుండి పదిమంది అధ్యాపకులను, ఇద్దఱు గ్రంథపాలకులను ఒకచోట కూర్చుండబెట్టుడు. పాఠ్యప్రణాళికలోని ప్రతి నవలకును ఏ ప్రతి ప్రమాణమో, ఏ వెబ్‌సైటు ఎందుకు పనికివచ్చునో, ఎందుకు రాదో, మన దేశమున ఏది ఉచితమో నిర్ణయింపజేయుడు. ఏటేట దానిని సరిదిద్దించుడు. రానున్న విద్యాసంవత్సరమున నవల పేరు క్రింద ఆ నిర్ణయమును ఒక్క పంక్తిగా ముద్రింపుడు. ఒకే గదిలో కూర్చున్న విద్యార్థులు ఒకే పుస్తకమును చదువుటకు ఆ యొక్క పంక్తి చాలును.

ఇట్లు,
భవదీయుడు,
ఒక ఆంగ్లోపన్యాసకుడు