గుమ్మటం కాదు, గుట్ట

తొట్లకొండ ఎక్కిన ప్రతి బ్యాచ్ ఒకే ఫోటో దిగుతుంది. వెనక మహాస్తూపం, దాని వెనక సముద్రం, కింద క్యాప్షన్‌లో "డోమ్". సివిల్ వాళ్ళు కూడా అలాగే రాస్తారు. అదే నా బాధ.

స్తూపం డోమ్ కాదు. ఆకారం అర్ధగోళమే గానీ లోపల ఖాళీ ఉండదు. గుమ్మటం అంటే కింద మనిషి నిలబడగలగాలి, గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల మీద ఉన్నట్టు. అక్కడ బరువు పెంకులోంచి కిందికి దిగుతుంది, అడుగుభాగం బయటికి తన్నుకుంటుంది. అర్ధగోళపు గుమ్మటంలో శిఖరం నుంచి సుమారు 52 డిగ్రీలు దాటాక చుట్టుకొలత వెంబడి లాగుడు మొదలవుతుందని మెంబ్రేన్ థియరీ చెబుతుంది. ఇటుకకి లాగుడంటే పడదు. స్టీల్ ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేస్‌కి వేడిగాలి పంపే స్టవ్‌ల పైభాగం కూడా ఇటుక గుమ్మటమే, కాకపోతే బయట ఉక్కు తొడుగు ఉంటుంది.

స్తూపానికి ఈ బెంగ లేదు. అది మనిషి పేర్చిన గుట్ట. కాబట్టి దానికి వచ్చే జబ్బులూ గుట్ట జబ్బులే. మొదటిది నీళ్ళు.

1976లో నేవీ వాళ్ళ ఏరియల్ సర్వేలో తొట్లకొండ బయటపడింది. 1988 నుంచి 1993 దాకా తవ్వారు. తర్వాత మహాస్తూపాన్ని మళ్ళీ కట్టారు. 2019 అక్టోబరులో పెద్ద వానలకి అది కూలింది. రెండువేల ఏళ్ళ కట్టడం పోయిందని బాధపడ్డవాళ్ళున్నారు. పోయింది మన కాలంలో కట్టిందే. గుండ్రంగా గోడ కట్టి లోపల మట్టీ రాళ్ళూ నింపితే, పేరు స్తూపమైనా పని రిటైనింగ్ వాల్‌దే. లోపలికి దిగిన నీటికి బయటికి దారి లేకపోతే నింపిన మట్టి బరువెక్కుతుంది, నీటి ఒత్తిడి గోడని తోస్తుంది. వీప్ హోల్స్ ఎందుకు పెడతారో సెకండియర్‌లోనే చెప్పారు కదా.

ఇది ఎక్కడ జరిగిందో చూడండి. ఆ కొండకి పేరొచ్చిందే నీళ్ళ వల్ల. బౌద్ధ భిక్షువులు వాన నీటి కోసం రాతిలో తొట్లు తొలిచారు, అందుకే తొట్లకొండ. పక్కనున్న బావికొండ పేరూ అలాంటిదే. మనం మాత్రం స్తూపం దగ్గర ఫోటో దిగి, తొట్లని దాటుకుంటూ వచ్చేస్తాం.

అనకాపల్లి దగ్గర శంకరంలోని బొజ్జన్నకొండ, లింగాలకొండ చూస్తే ఇంకో పద్ధతి తెలుస్తుంది. అక్కడ చాలా స్తూపాలు కట్టినవి కావు, కొండరాతినే చెక్కేసినవి. నింపుడు లేదు, గోడ లేదు, కాబట్టి తోసేదీ లేదు. ఒకప్పుడు కనుమ రోజున జనం అక్కడ బొజ్జలాంటి ఒక ఆకారాన్ని రాక్షసుడనుకుని రాళ్ళు రువ్వేవారు. ఇంటాక్ వాళ్ళు పట్టుబట్టి మాన్పించారు. వెయ్యేళ్ళకు పైగా ఎండనీ వాననీ తట్టుకున్నాయి, మన రాళ్ళని కూడా.

ప్రకృతి గుమ్మటం చేసే పద్ధతీ దాదాపు ఇదే. భువనగిరి కోట ఉన్న గుండుని గుర్తు తెచ్చుకోండి. పైన ఉన్న బరువు కోతకి పోయేకొద్దీ లోపలి రాయి వ్యాకోచించి, ఉల్లిపొరల్లా పగిలి, పొర తర్వాత పొర ఊడిపోతుంది. మిగిలిందే ఆ నున్నటి బోడిగుండు. నీళ్ళు దాని మీద నిలవవు, జారిపోతాయి.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఈ కొండల మీద దొరికిన స్తూపాల్ని పూర్తి అర్ధగోళాలుగా లేపడం ఆపాలి. తవ్వకంలో బయటపడిన వరసలు ఎంత ఎత్తుంటే అంతే ఉంచి, ఆ డబ్బు నీరు పారే కాలవల మీద పెట్టాలి. టూరిస్టులకి బోసిగా కనిపిస్తుందంటారు. కనిపించనీయండి. ఎలా ఉండేదో చూపించడానికి పక్కన ఒక మోడల్ పెడితే చాలు, మా మెకానికల్ వాళ్ళు త్రీడీ ప్రింటర్‌లో తీసిస్తారు.

ఈసారి తొట్లకొండ ట్రిప్ వేస్తే డిసెంబర్‌లో వద్దు. వాన పడుతున్న రోజు వెళ్దాం. ఫోన్లు కవర్లో పెట్టేసి, స్తూపం చుట్టూ నీళ్ళు ఎటు పోతున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో నోట్ చేసుకుని వద్దాం.