చుక్కలంటించు చేతులకు పుస్తకమేది?



పిల్లల బొమ్మల పుస్తకములను గూర్చి ఈ పత్రికలో వాదమేల అని మీలో కొందరు అడుగవచ్చును. నిండ రంగులు, పేజీకి రెండు మూడు వాక్యములు. అవి పసివారి ఆటవస్తువులే గదా అందురు. అట్లు అనువారు ఒక బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని ఒకే పుస్తకమును ఇరువదిసార్లు చదివి వినిపించినవారు కారని నా అనుమానము. మన ప్రసంగములను జనులు మందిరపు గడప దాటకముందే మరచిపోవుదురు. బొమ్మల పుస్తకమును మాత్రము బిడ్డ కంఠస్థము చేయును. మనము ఒక మాట తప్పించి చదివితిమా, ఊరకుండడు. అంత లోతున పడు విత్తనము ఎట్టిదో చూడకుండుట మనకు తగదు.

ఈ పుస్తకములలో ఒక తెగ నేడు మిక్కిలి పెరిగియున్నది. నీవు నీవుగానే ఉండుము, ఇతరులవలె లేనందుకు సిగ్గుపడకుము అనునదే వాటి సారము. 1936లో మన్రో లీఫ్ అను అమెరికా రచయిత ఫెర్డినాండ్ అను గిత్త కథ వ్రాసెను. తోడి గిత్తలు కుమ్ములాడుకొనుచుండగా అది చెట్టునీడను కూర్చుండి పూలవాసన చూచుకొనును. పోట్లాడని ఆ గిత్త కథను స్పెయిన్‌లో ఫ్రాంకో పాలకులు నిషేధించిరనిన, బొమ్మల పుస్తకము ఆటవస్తువని వారు మాత్రము అనుకొనలేదన్నమాట. 1968లో ఇంగ్లండు దేశస్థుడైన డేవిడ్ మెక్కీ ఎల్మర్ అను ఏనుగును సృష్టించెను. దాని ఒడలు బొంతవలె రంగురంగుల ముక్కలతో నుండును. 1997లో మాక్స్ లుకాడో అను అమెరికా పాస్టరు కొయ్యబొమ్మల కథ వ్రాసెను. దానిని గూర్చి తరువాత చెప్పెదను. చెన్నైలోని తూలిక, బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ వంటి సంస్థలు మన దేశపు కథలను తెలుగులో కూడ అచ్చువేయుచున్నవి. కాబట్టి ఇది పరదేశపు సంగతియని తోసివేయుటకు వీలులేదు.

మన సంఘ పెద్దలలో కొందరు ఈ పుస్తకములను చూచి నొసలు చిట్లించుదురు. తన్ను తాను ఉపేక్షించుకొనుమని ప్రభువు చెప్పగా, నీవు నీవుగా ఉండుమని బిడ్డకు నేర్పుట గర్వమును నేర్పుట కాదా అని వారి ప్రశ్న. దీనికి ఉత్తరము చెప్పుటకు ఎక్కువ సేపు పట్టదు. తనకున్నదానిని విడిచిపెట్టుట ఉపేక్ష. ఇతరులు లాగుకొనినదానిని గూర్చి నోరెత్తక ఊరకుండుట ఉపేక్ష కాదు. తన పేరు చెప్పుటకే భయపడు పిల్లకు మీరు తగ్గింపును బోధించినయెడల, లేనివానియొద్ద కానుక అడిగినట్లుండును. దావీదును చూడుడి. సౌలు తన కవచమును అతనికి తొడిగించెను. రాజుగారి కవచము! మనమైతే ఆ గౌరవమునకే మురిసిపోవుదుము. దావీదు నాలుగడుగులు వేసి చూచి, ఇది నాకు వాడుక లేదని విప్పివేసెను. అది గర్వమని ఏ పెద్దయు అనడు.

అయితే నా వాదము ఆ పెద్దలతో ముగియలేదు. నా అసలు వాదము పుస్తకములతోనే.

దావీదు చేతిలోని వడిసెలను కొంచెము గమనించుడి. జొన్నచేను కాచిన మన తాతలకు వడిసెల తెలియును. అది దావీదు తన అంతరంగములో వెదకి కనుగొన్న ప్రత్యేకత కాదు. తండ్రి గొఱ్ఱెలను కాయుచు, ఆ పనిలో నేర్చుకొన్న విద్య. ఎవరి కుమారుడవు అని అడిగినప్పుడు తండ్రి పేరు, ఊరి పేరు కలిపి చెప్పుకొన్నవాడు అతడు. అతని తానుతనములో ఇల్లు ఉన్నది, వృత్తి ఉన్నది, ఊరు ఉన్నది. ఈ పుస్తకములలోని ఏనుగులకు, చేపలకు, కొయ్యబొమ్మలకు అవి బహు అరుదు. ఒంటరిగా పుట్టును, ఒంటరిగా దిగులుపడును, చివరి పేజీలో ఒక్కసారిగా సంతోషించును. ఫెర్డినాండ్‌కు ఒక తల్లి ఉన్నది, బిడ్డను అర్థము చేసికొన్న ఆవు. ఆ పుస్తకము ఇన్నేండ్లు నిలుచుటకు ఆ తల్లియు ఒక కారణమని నేననుకొందును.

ఇక ఆ కొయ్యబొమ్మల కథ. అది మన సండే స్కూళ్లకే వ్రాసినట్లుండును. ఆ ఊరిలోని బొమ్మలు ఒకరికొకరు గుర్తులు అంటించుకొందురు. అందమైనవారికి, నేర్పరులకు బంగారు నక్షత్రములు. తడబడువారికి బూడిదరంగు చుక్కలు. పంచినెల్లో అను బొమ్మ ఒడలెల్ల చుక్కలే. అతడు తన్ను చెక్కిన ఏలీ అను వడ్రంగి యొద్దకు వెళ్లును. చేసినవాని కంటికి తాను విలువగలవాడనని నమ్మనారంభించినప్పుడు ఒక చుక్క రాలి క్రిందపడును. చక్కని కథ. నేను దానిని మెచ్చుకొందును, సగము వరకు. ఏలయనగా చుక్కలంటించువారికి ఆ కథలో ఒక్క మాటయు లేదు. వారు మరునాడును డబ్బా చేతబట్టుకొని వీధులు తిరుగుచునే ఉందురు. గాయపడిన బిడ్డయే తన మనస్సు మార్చుకొనవలెను; గాయపరచినవాడు మారనక్కరలేదు! ఎల్మర్ పుట్టుక సంగతియు ఇట్టిదే. మెక్కీ భార్య ఆంగ్లో ఇండియన్ సంతతికి చెందినది. వీధిలో ఒక పిల్లవాడు వారి చిన్నకుమార్తెను ఒంటి రంగునుబట్టి హీనమైన మాటతో పిలిచినది విని తనకు ఈ ఆలోచన వచ్చెనని ఆయనయే తరువాత చెప్పియున్నాడు. తగిలిన దెబ్బ ఒక తండ్రి గుండెకు. పుస్తకములోనికి వచ్చుసరికి అది ఏనుగు మీది అందమైన గళ్లు అయినది. తూలనాడిన నోరు కథనుండి జారుకొన్నది.

ఇప్పుడు ఈ పుస్తకమును తీసికొని కామారెడ్డి నుండి ఎల్లారెడ్డి వైపునకు రండి. దారి పొడుగునను, లోపలికిని లంబాడి తండాలున్నవి. ఒక తండా పిల్లను తలచుకొనుడి. ఆమె ఇంట తల్లిని 'యాడి' అనును, తండ్రిని 'బా' అనును. మన తెలుగులో 'యాడ' అనగా ఎక్కడ. మొదటిసారి వచ్చిన అట్టి పిల్ల ఒకతె తల్లి కనబడక 'యాడీ, యాడీ' అని ఏడ్చుచుండగా, చుట్టునున్న పిల్లలు 'యాడికి వోతవే?' అని పకపక నవ్వుట నేను చెవులార విన్నాను. అది బడి కాదు, మందిరము. పెద్దలు కూడ నవ్విరి. అది ఒక చుక్క. పిమ్మట హాజరు పుస్తకములో ఆమె పేరు పలుకుటకు తేలికగా ఉండునట్లు మార్చుదురు, అది ఇంకొకటి. తల్లి ఫేటియా, కాంచళి తొడుగుకొని బడికి వచ్చినచో ఆ పిల్ల గోడచాటునకు పోవును. ఆ దినమున ఆమె చేతిలో మీరు ఏనుగు పుస్తకము పెట్టి, నీవు నీవుగా ఉండుము తల్లీ అందురా?

తండా పిల్ల మాటయే కాదు. మాదిగ వాడ పిల్ల, చాకలి వారి పిల్ల ఊరిలో అడుగుపెట్టగానే వినబడు మొదటి ప్రశ్న 'నువ్వు ఎవలింటి పిల్లవే?' అని. అది ముద్దుగా అడిగిన ప్రశ్న కాదు. ఎక్కడ నిలువబెట్టవలెనో తెలిసికొనుటకు అడిగినది. నీవెవరవో నిర్భయముగా చెప్పుమని పుస్తకము అనును. చెప్పినందువలననే చుక్క అంటినదని ఆ పిల్ల ఎరుగును.

కామారెడ్డి పట్టణములో సంగతి వేరుగా ఉండును గాని మేలుగా ఉండదు. ఒక బడి గ్రంథాలయములో ఇట్టి ఇంగ్లీషు పుస్తకములు అద్దాల బీరువా నిండ ఉన్నవి. ఆ బీరువా ప్రక్కనే ఒక పలక: ఇక్కడ ఇంగ్లీషులోనే మాట్లాడవలెను. ఆ బడి పేరు చెప్పి ప్రయోజనము లేదు. మీ వీధిలోనిది కూడ అట్టిదే కావచ్చును. తెలుగు పుస్తకములనైన తెరచి చూడుడి. 'అమ్మ ఎక్కడికి వెళ్ళింది?' అని పుస్తకపు తెలుగు. మన పిల్ల ఇంట 'అవ్వ ఏడికి వోయింది?' అని అడుగును. నీ మాటను చూచి సిగ్గుపడకుమను కథ కూడ ఆమెకు పరుల మాటలోనే అందుచున్నది. 2022-23 నుండి తెలంగాణ సర్కారు బడులలో ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టి, ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషుగా పాఠ్యపుస్తకములు ఇచ్చిరి. బీదవారి బిడ్డకు ఇంగ్లీషు వద్దని నేననను. తన మనుమలను కాన్వెంటుకు పంపుచు అట్లనువానిని నేను నమ్మను. కాని ఆ రెండు పేజీలలో 'యాడి'కి చోటేది?

చోటు దొరకని పని కాదు ఇది. 2004 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషలలో, బంజారాతో సహా, తెలుగు లిపితోనే చిన్నబిడ్డలకు వాచకములు తయారుచేసిరి. 2008లో హైదరాబాదులోని అన్వేషి అను స్త్రీల పరిశోధన సంస్థ వేర్వేరు కతలు చెప్పు ఒక బొమ్మల పుస్తకముల వరుసను వెలువరించెను. అందులో గోగు శ్యామల కథలలో దళిత బిడ్డలు తమ వాడలోనే, తమ పనిపాటలలోనే కనబడుదురు. మహమ్మద్ ఖదీర్ బాబు కథలో తలకాయ కూర వండుకొను ముస్లిము ఇంటి సందడియే కథ. కూర వాసనకు నోరూరు బిడ్డ పుస్తకములో ఉండుట ఎంత గొప్ప సంగతి! మన పాఠ్యపుస్తకములలో ఇండ్లన్నియు పప్పు వండుకొనునవే గదా. ఈ కథలలో బిడ్డ ఒంటరి కాదు. అవ్వ ఉన్నది, నాయిన ఉన్నాడు, గొంతెత్తి తిట్టు ఊరివాడును ఉన్నాడు. వాని పేరు దాచిపెట్టరు.

2018 పంచాయతీరాజ్ చట్టముతో అనేక తండాలు స్వంత గ్రామపంచాయతీలు అయినవి. సర్పంచి కుర్చీ తండాకు వచ్చినది. ఆ తండా మాట మాత్రము నేను చూచిన ఏ బడి బీరువాలోను, ఏ మందిరపు బీరువాలోను ఒక్క బొమ్మల పుస్తకముగానైన కనబడలేదు. మందిరములను ప్రత్యేకముగా అడుగుచున్నాను. పెంతెకొస్తు దినమున ప్రతివాడును తాను పుట్టిన భాషలోనే వినెనని ఏటేట బోధించు మనము, మన బెంచీ మీద కూర్చున్న తండా తల్లి భాషలో ఏమి అచ్చువేసితిమి?

డబ్బు లేదను మాట చెల్లదు. ప్రథమ్ బుక్స్ వారు 2015లో స్టోరీవీవర్ అను బహిరంగ గ్రంథాలయమును తెరచిరి. అందలి కథలను ఎవరైనను తమ భాషలోనికి మార్చుకొని, రచయిత పేరు చెప్పి, ఉచితముగా అచ్చువేసికొనవచ్చును. సండే స్కూలు టీచరుకు ఫోను ఉన్నది. తండాలో పదవ తరగతి చదివిన పిల్లలున్నారు. క్రిస్మసు నక్షత్రములకు, మైకు సెట్టుకు పెట్టు ఖర్చులో కొంత చాలును.

అయితే మార్చిన కథతో ఊరకుండక, మీదియైన కథ ఒకటి చేయుడి. ఎల్లారెడ్డి సంతకు తల్లితో పోవు తండా పిల్ల కథ కావచ్చును. సంతలో ఒకడు ఆమె మాటను చూచి నవ్వును. వానిని కూడ బొమ్మ వేయించుడి, ముఖము స్పష్టముగా కనబడునట్లు. తరువాతి పేజీలో వాని తల్లి వానిని ఏమన్నదో వ్రాయుడి. ఆ పేజీ మన ఊరి పిల్లలకు. పుస్తకమును తండాలో ఎన్ని ప్రతులు పంచుదురో ఊరిలోను అన్ని ప్రతులు పంచుడి. బొమ్మ వేయువాడు పట్టణపువాడైనయెడల, అచ్చుకు పంపకముందు తండాలోని ముసలమ్మలకు చూపుడి. ఓఢ్ణి అంచున అద్దాలు ఎన్ని ఉండవలెనో, గవ్వలు ఎక్కడ కుట్టవలెనో వారు వేలుపెట్టి చూపుదురు. తల్లి బొమ్మ క్రింద 'యాడి' అని పెద్ద అక్షరములతో వేయుడి. ఇది ఏ మాట అని టీచరు అడుగును. ఉత్తరము చెప్పుటకు తరగతిలో ఒకరున్నారు.