పిల్ల పేరేది?

ఈ వారం జిల్లా పేజీలో ఒక ఫొటో చూసి ఒళ్లు మండింది. మారుమూల ఊళ్లోని ఒక జిల్లా పరిషత్ హైస్కూలు వార్త అది. ఎనిమిదో తరగతి అమ్మాయి సైన్సు ప్రదర్శనలో బహుమతి తెచ్చుకుంది. ఫొటోలో బల్ల వెనక వరసగా పెద్దమనుషులు నిలబడ్డారు. ఒకరి భుజాల మీద శాలువా, ఇంకొకరి చేతిలో పూలగుత్తి. అమ్మాయి ఓ మూల సగం మొహంతో కనిపిస్తోంది, మిగతా సగానికి ఎవరిదో మోచెయ్యి అడ్డం వచ్చింది. కింద పెద్దల పేర్లన్నీ ఇంటిపేర్లతో, హోదాలతో ఉన్నాయి. అమ్మాయి పేరు లేదు. తను ఏం తయారు చేసిందో కూడా లేదు. ‘వినూత్న ప్రాజెక్టు’ అని రాసి ఊరుకున్నారు.

ఆ ఇంట్లో వాళ్లు పేపరు కొనే ఉంటారు, బిడ్డ పేరు కోసం పైనుంచి కిందికి వెతికే ఉంటారు.

మండల విలేకరిని నేను తప్పుపట్టను. ఆయనకు వాట్సాప్‌లో ఫొటో వస్తుంది, దానితోపాటే పేర్ల జాబితా వస్తుంది. ఉన్నది ఉన్నట్టు డెస్కుకు పంపిస్తాడు. జాబితాలో నాయకుడి పేరు తప్పిపోతే సాయంత్రానికి ఫోను మోగుతుంది. పిల్ల పేరు తప్పిపోతే ఏ తండ్రీ ఫోను చెయ్యడు. ఆ తండ్రి ఫోను చెయ్యడన్న ధీమా మీదే మన గ్రామీణ విద్యావార్తలు నడుస్తున్నాయి.

అసలు పల్లెటూరి హైస్కూలు పేపర్లోకి ఎక్కాలంటే ఏం జరగాలి? మధ్యాహ్న భోజనం వికటించాలి. స్లాబు పెచ్చులూడి పడాలి. తరగతి గదిలోకి పాము రావాలి. లేదంటే పదో తరగతి ఫలితాలు రావాలి. ఇవి రాయొద్దని కాదు. అన్నం బాగాలేకపోతే రాయాల్సిందే, ఇప్పటికంటే గట్టిగా రాయాలి. కానీ జూన్‌లో బడి తెరిచింది మొదలు ఏప్రిల్ దాకా అక్కడ ఇంకేమీ జరగడం లేదా?

పొద్దున ప్రార్థన దగ్గరే చూడండి. పిల్లలు వరసలు కడతారు. ప్రతిజ్ఞ అవుతుంది, ఒక పద్యం అవుతుంది, తర్వాత ‘నేటి వార్తలు’. ఏడో తరగతి కుర్రాడు పేపర్లోంచి ఎక్కించుకొచ్చిన నాలుగు ముక్కలు చదువుతాడు. ఢిల్లీది ఒకటి, రాజధానిది ఒకటి, క్రికెట్‌ది ఒకటి. నిన్న తమ బడి ఖోఖో జట్టు మండల పోటీల్లో గెలిచిన సంగతి చదవడు, ఎందుకంటే అది పేపర్లో లేదు. ఆ జట్టులో ఆడినవాడు వాడి పక్క వరసలోనే నిలబడి ఉంటాడు.

ఆ ప్రతిజ్ఞ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. దేశమంతటా బడిపిల్లలు చేసే ఆ ప్రతిజ్ఞ తెలుగులో పుట్టింది. నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా పనిచేస్తూ 1962లో దాన్ని రాశారు. పాఠ్యపుస్తకాల మొదటి పుటల్లో అది ఏటా అచ్చయింది, ఆయన పేరు మాత్రం దశాబ్దాల పాటు కనపడలేదు. తరాల పిల్లలు ఆయన మాటలు కంఠతా పట్టారు, రాసిందెవరో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. పేరు వదిలేసే ఈ అలవాటు మనకు అంత పాతది.

పేరు వెయ్యమనడం మర్యాద కోసమే అనుకోకండి. దానివల్ల జరిగే పని ఉంది. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ పరీక్షనే తీసుకోండి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదివే పేదింటి పిల్లల కోసం పెట్టిన స్కాలర్‌షిప్ ఇది. దేశం మొత్తం మీద ఏడాదికి లక్ష మందికి ఇస్తారు. వస్తే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు, నాలుగేళ్లకు 48,000. కూలి చేసుకునే ఇంట్లో ఆడపిల్ల చదువు పదితో ఆగకుండా నిలబెట్టే డబ్బు అది. ఫలానా వాళ్ల అమ్మాయికి వచ్చిందట, ఫలానా లెక్కల మాస్టారు సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పారట, ఆదాయ ధ్రువపత్రం కోసం ఎక్కడికెళ్లాలో వాళ్ల నాన్నకు తెలుసట అని ఊరికి తెలిస్తే వచ్చే ఏడు ఇంకో పది మంది రాస్తారు. ‘ముగ్గురు విద్యార్థులు ఎంపిక’ అని ఒక్క లైను వేస్తే ఎవరూ కదలరు. బడిపిల్లల సైన్సు ఆలోచనలకు ఇచ్చే ఇన్‌స్పైర్ మనక్ అవార్డు సంగతీ అంతే. ఎంపికైన ఆలోచనకు నమూనా చేసుకోవడానికి పిల్లల ఖాతాలోకే 10,000 రూపాయలు వస్తాయి. మిరపచేనుకు మందు కొట్టి వచ్చిన నాన్న కళ్లమంట చూసిన పిల్లకు, నీళ్లు మోసే అమ్మ నడుంనొప్పి చూసిన పిల్లాడికి ఆలోచనలు కరువా? పక్క వీధి పిల్ల పంపి గెలిచిందని తెలియాలి, అంతే.

పేపరు వెయ్యని బడి వార్తలు బడిలోనే వెయ్యొచ్చు. ఈ శీర్షికలో ఇదివరకు చాలాసార్లు రాశాను, మళ్లీ రాస్తున్నాను. ప్రతి హైస్కూల్లోనూ పిల్లలే నడిపే గోడపత్రిక ఉండాలి. దీనికి జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. ఒక ఛార్టు, నాలుగు స్కెచ్ పెన్నులు, వారానికో జట్టు. హెడ్మాస్టరు గది పక్కన అద్దాల తలుపుల నోటీసు బోర్డు ఎలాగూ ఉంటుంది. దానికి తాళం, లోపల ఎప్పటివో సర్క్యులర్లు. ఆ తాళంచెవి పిల్లల చేతికివ్వండి. బోరు మోటారు ఎప్పుడు పాడైందో వాళ్లే రాస్తారు. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గడియ ఊడిపోయిందని రాస్తారు. వంట చేసే ఆయమ్మకు డబ్బులు ఇంకా పడలేదని రాస్తారు. మిరప కోతలకని అమ్మానాన్నలతో వెళ్లిన తొమ్మిదో తరగతి కుర్రాడు ఇంకా బడికి తిరిగిరాలేదని రాస్తారు. ఇంతకంటే పెద్ద వార్త ఆ మండలంలో ఆ వారం ఏముంటుంది? పైఅధికారి తనిఖీకొస్తే చూస్తారేమోనని కొందరు హెడ్మాస్టర్లు భయపడతారు. చూడనివ్వండి. చూడాల్సినవాళ్లే వాళ్లు.

పల్లె పిల్లలకు రాయడం ఎక్కడొచ్చనేవాళ్లు ‘కొత్తపల్లి’ పత్రిక తిరగెయ్యాలి. అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లిలో 2008లో మొదలైన ఆ పిల్లల పత్రిక నిండా బడిపిల్లలు రాసిన కథలు, గీసిన బొమ్మలు ఉంటాయి. ఆ ఊరి పిల్లలకు చేతనైంది మిగతా ఊళ్ల పిల్లలకు చేతకాకపోదు. వాళ్లకు కావలసింది చదువుకోవడానికి ఏదో ఒకటి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలని, అందులో వార్తాపత్రిక, మ్యాగజైన్లు, కథల పుస్తకాలు ఉండాలని స్పష్టంగా రాసి ఉంది. ఎన్ని బడుల్లో ఆ పుస్తకాలు బీరువా దాటి బయటికొచ్చాయి? చిరిగితే లెక్క చెప్పాలని తాళం వేసి ఉంచుతున్నారు. చిరగనివ్వాలి. పిల్లల చేతుల్లో చిరిగిన పుస్తకానికి టీచరు దగ్గర లెక్క అడిగే నిబంధన ఉంటే, ముందు ఆ నిబంధన చించాలి.

దీనికంతటికీ టీచర్లకు తీరికేదీ అంటారు. నిజమే, తీరిక లేదు. తీరికను ఫొటోలు తింటున్నాయి. ఏ దినోత్సవమైనా బ్యానరు కట్టాలి, పిల్లల్ని నిలబెట్టాలి, ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి. ఆగస్టు 29న గిడుగు జయంతి, తెలుగు భాషా దినోత్సవం. అదే రోజు ధ్యాన్‌చంద్ జయంతి, జాతీయ క్రీడా దినోత్సవం. ఒకే ఎండలో ఒకే పిల్లలు ఒక బ్యానరు ముందు నుంచి ఇంకో బ్యానరు ముందుకు జరుగుతారు. ఆ రోజు ఎవరైనా ఒక కథ చదివారా, బంతి తన్నారా అని ఏ గ్రూపులోనూ ఎవరూ అడగరు. సంక్రాంతి దాటితే పదో తరగతికి ఆటల పీరియడే ఉండదు, అది స్పెషల్ క్లాసు అయిపోతుంది.

ఆటల మాటొచ్చింది కనక బస్సు గురించి కూడా రాసి తీరాలి. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఉచిత ప్రయాణం వచ్చింది. మంచి పని, నేను స్వాగతించాను. కానీ చాలా ఊళ్లకు సాయంత్రం ఒక్కటే పల్లెవెలుగు. బడి వదలగానే వస్తుంది, అది తప్పితే ఆటోకు డబ్బులు కావాలి, చీకటి పడితే ఇంట్లో భయం. అందుకని పొరుగూళ్ల అమ్మాయిలు ప్రాక్టీసుకు ఉండలేరు. ఆరో తరగతిలో గాలిలా పరిగెత్తిన పిల్ల తొమ్మిదికి వచ్చేసరికి జట్టులో ఉండదు. ఆట తగ్గిందనుకుంటాం, తగ్గింది బస్సు. టికెట్టు తీసేసిన ప్రభుత్వాలు వేళ కూడా సరిచెయ్యగలవు. స్కూల్ గేమ్స్ పోటీలు జరిగే నెలల్లో వారానికి మూడు రోజులు ఆ బస్సు ఒక గంట ఆలస్యంగా కదిలితే చాలు. హెడ్మాస్టర్లు, పీఈటీలు కలిసి డిపో మేనేజరుకు రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి, తల్లుల సంతకాలు కూడా పెట్టించండి. డిపో వాళ్లు కుదరదంటే ఆ అర్జీ నకలు నాకు పంపండి. వచ్చే వారం శీర్షిక దాని మీదే రాస్తాను.