ఎవరు ఆడితే కళ? ఎవరు ఆడితే తప్పు?

పటాన్‌చెరులో కార్మిక స్త్రీల సమావేశం ముగిశాక ఒక తల్లితో మాట్లాడాను. ఆమె కూతురు ఎనిమిదో తరగతి చదువుతోంది. ఆఫీసర్ల పిల్లలకు కూచిపూడి నేర్పే హాలు కిటికీ దగ్గర నిలబడి చూసి, ఇంటికొచ్చి ఆ అడుగులే వేస్తుందట. చేర్పించకూడదా అన్నాను. "ఫీజు సంగతి అట్లుంచుండ్రి మేడం. మా ఇండ్లల్ల ఆడపిల్ల ఆడితె ఇజ్జత్ పోతది. మా మేనత్త జోగిని" అన్నది.

ఆఫీసరు కూతురు ఆడితే సంస్కృతి, ఈ పిల్ల ఆడితే ఇజ్జత్ పోవడం! ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది?

దీనికి జవాబు వెతకడానికి ఒకసారి రష్యా వైపు చూద్దాం. ప్రపంచం మెచ్చే రష్యన్ బాలే రాజకుమార్తెలతో మొదలు కాలేదు. 1738లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఫ్రెంచి గురువు లాందే ప్రారంభించిన పాఠశాలలో చేరినవాళ్ళు రాజభవనం నౌకర్ల పిల్లలు. మాస్కోలో 1773లో నాట్యశిక్షణ మొదలైంది అనాథాశ్రమంలో. 1891లో ఆ పీటర్స్‌బర్గ్ పాఠశాలలో చేరిన అన్నా పావ్లోవా తల్లి బట్టలుతికే మనిషి. బాలే బోధనకు శాస్త్రాన్ని కూర్చిన వాగనోవా తండ్రి థియేటర్‌లో ప్రేక్షకులను కూర్చోబెట్టే చిరుద్యోగి.

అదేదో స్వర్గమని నేననడం లేదు. ప్రభువుల ఎస్టేట్లలో బానిస రైతుల పిల్లల చేత నాట్యం చేయించారు. రాజ థియేటర్ల నర్తకీమణుల చుట్టూ ధనిక "పోషకులు" తిరిగారు. పసి శరీరాలపై కఠినమైన క్రమశిక్షణ రుద్దారు. కానీ రాజ థియేటర్లలో నర్తకికి జీతం ఉంది, ఇరవై ఏళ్ళ సర్వీసు తర్వాత పెన్షన్ ఉంది. అంటే నాట్యాన్ని శ్రమగా లెక్కగట్టారు. 1917 విప్లవం తర్వాత కూడా పోషకులు పోయారు గాని పాఠశాల మిగిలింది. నర్తకీమణుల పరువు కాపాడే పేరుతో ఎవరూ వాళ్ళ కాళ్ళు కట్టెయ్యలేదు.

మన దగ్గర జరిగిందేమిటి? 1947 మద్రాసు చట్టం దేవదాసీ అంకితాన్ని నిషేధించింది. అది న్యాయమే. ఆ వ్యవస్థలోని దోపిడీని నేను సమర్థించను. కానీ చట్టం అంతటితో ఆగలేదు. గుడిలో, ఊరేగింపులో ఆడడాన్ని కూడా నేరం చేసింది. 1956లో ఆంధ్రలో సవరణ తెచ్చి వేడుకల్లోని మేళాలనూ ఆపారు. భూస్వామికి పోయిందేమీ లేదు. కళావంతుల స్త్రీకి మాత్రం బతుకుతెరువు, విద్య రెండూ పోయాయి. తమను అడగకుండా తమ గురించి చట్టం చేయవద్దని బెంగుళూరు నాగరత్నమ్మ వంటివారు ముందే మొత్తుకున్నారు. విన్నదెవరు?

ఇదే కాలంలో అగ్రకుల స్త్రీలకు వేదిక తెరుచుకుంది. 1928-29లో పావ్లోవాను కలిసి ఉత్తేజం పొందిన రుక్మిణీదేవి 1936లో కళాక్షేత్ర స్థాపించారు. చాకలి తల్లి కూతురిచ్చిన స్ఫూర్తి, దేవదాసీల దగ్గరి విద్య, రెండూ కలిసి "గౌరవనీయ" నాట్యమయ్యాయి. అంతకాలం మగవాళ్ళే స్త్రీ వేషాలు కట్టిన కూచిపూడిలోకీ క్రమంగా స్త్రీలు వచ్చారు. మంచిదే. అయితే ఏ స్త్రీలు?

తెలంగాణలో కథ ఇంకా క్రూరం. జోగినుల్లో అత్యధికులు దళిత స్త్రీలు. వాళ్ళను జాతరలో ఆడించారు, శవయాత్ర ముందు ఆడించారు. దాన్ని ఎవరూ కళ అనలేదు. 1988 చట్టం ఆ ఆచారాన్ని నిషేధించింది. కానీ వాళ్ళ కూతుళ్ళ చేతికి ఏ విద్యనిచ్చాం? "ఆడకు" అనడం తేలిక. "నీకిష్టమైతే నేర్చుకో, నిన్నెవరూ కొనలేరు" అనగలిగినప్పుడే అది విముక్తి.

సంస్థల్లో పనిచేసే మనం కూడా పునరావాసం అనగానే కుట్టుమిషను తెస్తాం. జోగిని కూతురికి నాట్యం పేరెత్తడానికే భయపడతాం. ఆ భయంలో మన కులం దాగి లేదా?

అందుకే మనం అడగాల్సింది ఇది. ప్రభుత్వ గురుకులాల్లో ఫీజు లేని నాట్యశిక్షణ ఉండాలి. సంగారెడ్డి, పటాన్‌చెరు వంటి కార్మిక ప్రాంతాల బడుల్లోనూ ఉండాలి. కళావంతుల కుటుంబాల స్త్రీలను జీతమిచ్చి గురువులుగా నియమించాలి. వృద్ధ కళాకారిణులకూ, జోగినులకూ పెన్షన్ దయగా కాదు, హక్కుగా అందాలి.

కిటికీ బయట నిలబడ్డ ఆ పిల్ల నర్తకి అవుతుందో లేదో ఆమె ఇష్టం. తలుపు తెరవడం మాత్రం మన బాధ్యత.