ఇరవైల్లోనే మొదలయ్యే పూడిక

కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికా సైనికుల గుండెలను ఆ దేశపు సైనిక వైద్యులు కోసి చూశారు. 1953లో ఆ వివరాలు అచ్చయ్యాయి. చనిపోయిన వాళ్ల సగటు వయసు 22. అందరూ దేహపరీక్షలు నెగ్గి సైన్యంలో చేరినవాళ్లే. అయినా నూటికి 77 మంది గుండె ధమనుల్లో జబ్బు ఆనవాళ్లు కనిపించాయి. కొందరిలో అది తొలిదశే, కొందరిలో నాళాలు బాగా పూడుకుపోయాయి.

ఇది తెలిసి డెబ్బై ఏళ్లు దాటింది. మన ఇళ్లలో మాత్రం కొలెస్ట్రాల్ ఇంకా నాన్నల జబ్బే. పాతికేళ్ల అబ్బాయి రక్తపరీక్ష చేయించుకుంటానంటే, "పుల్లలా ఉన్నావు, నీకెందుకురా?" అంటారు. సన్నగా ఉన్నంత మాత్రాన ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ తక్కువే ఉంటుందన్న పూచీ ఏమీ లేదు.

ఎల్‌డీఎల్ రేణువులు రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసుకు తిరుగుతుంటాయి. వాటిలో కొన్ని ధమని గోడలోకి దూరి అక్కడే చిక్కుకుంటాయి, క్రమంగా ఆక్సీకరణం చెందుతాయి. మామూలు ఎల్‌డీఎల్‌ను ఒక హద్దు వరకే తీసుకునే రక్షక కణాలు, ఇలా చెడిన దాన్ని మాత్రం ఆపకుండా మింగి, కొవ్వుతో ఉబ్బి, గోడలోనే ఉండిపోతాయి. పూడికకు తొలి చార అదే. అమెరికా శాస్త్రవేత్త డానియల్ స్టైన్‌బర్గ్, ఆయన సహచరులు 1989లో ఈ వాదనను బలంగా ముందుకు తెచ్చారు. సిగరెట్ పొగ ఈ ఆక్సీకరణాన్ని ఇంకా ఎగదోస్తుంది.

మరి ఆక్సీకరణమే దోషి అయితే దాన్ని ఆపే మాత్ర వేసుకుంటే పోతుంది కదా! యాంటీఆక్సిడెంట్ డబ్బాలు అమ్ముడుపోయేది ఈ ఆశ మీదే. బ్రిటన్‌లో గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న 20,536 మంది మీద జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2002లో వచ్చాయి. విటమిన్ ఇ, విటమిన్ సి, బీటా కెరోటిన్ ఐదేళ్ల పాటు ఇచ్చారు. రక్తంలో ఆ విటమిన్లు పెరిగాయి, గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. అదే పరీక్షలో, అదే మనుషుల్లో ఎల్‌డీఎల్‌ను తగ్గించే సిమ్వాస్టాటిన్ గుండెపోట్లను, పక్షవాతాన్ని సుమారు పావు వంతు తగ్గించింది. నా దృష్టిలో ఇంతకంటే తేటతెల్లమైన తీర్పు లేదు. గోడలోకి చేరే ఎల్‌డీఎల్‌నే తగ్గించాలి. అదీ తొందరగా.

తొందరగా అని ఎందుకంటున్నానో చెప్పే సాక్ష్యం 2006లో వచ్చింది. పీసీఎస్‌కే9 అనే జన్యువులో చిన్న మార్పుతో పుట్టిన ఆఫ్రికన్ అమెరికన్లను పరిశీలిస్తే, వాళ్ల ఎల్‌డీఎల్ మిగతావాళ్ల కంటే 28 శాతమే తక్కువ. గుండెజబ్బు మాత్రం 88 శాతం తక్కువ! పుట్టినప్పటి నుంచీ తక్కువగా ఉండటమే తేడా. ఎంత ఉందన్నదే కాదు, ఎన్నేళ్లుగా ఉందన్నదీ లెక్కే.

అలాగని ఇరవై ఏళ్ల పిల్లలందరికీ మాత్రలు మింగించమని కాదు. చాలామందికి సిగరెట్ మానడం, రోజూ నడవడం, మరిగి మరిగి నల్లబడిన నూనెలో వేసిన బజ్జీలకు దూరంగా ఉండటం, వేపుళ్లు తగ్గించడం చాలు. కానీ సుమారు 250 మందిలో ఒకరికి అధిక కొలెస్ట్రాల్ వంశపారంపర్యంగా వస్తుంది. వాళ్లకు పథ్యం ఒక్కటే సరిపోదు, మందు కావాలి. వాళ్లెవరో పరీక్ష లేకుండా తెలిసే దారి లేదు.

కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు తొలి లిపిడ్ (కొలెస్ట్రాల్) పరీక్ష 18 ఏళ్లకే చేయించమంటున్నాయి. ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లుంటే ఇంకా ముందే. పరగడుపున వెళ్లనక్కర్లేదు కూడా. ఇంజినీరింగ్ కాలేజీలో చేరే పిల్లల బ్లడ్ గ్రూప్ అడిగి కార్డు మీద రాస్తున్నాం. ఆ గ్రూప్ పరీక్షకు సూది గుచ్చినప్పుడే లిపిడ్ ప్రొఫైల్ కూడా చూసి, ఫలితాన్ని ఆ పిల్లల చేతికే ఇచ్చే ఏర్పాటు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ వచ్చే అడ్మిషన్ల నుంచే మొదలుపెట్టాలి.