ఊదా గోబీకి రంగు ఎవరేశారు?

ఊదా రంగు కాలీఫ్లవర్ ఫొటో ఒకటి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టి చూడండి. పది నిమిషాల్లో మూడు రిప్లైలు గ్యారంటీ. 'ఫొటోషాప్' అని ఒకరు, 'ఇంజెక్షన్ ఇచ్చుంటారు' అని ఇంకొకరు, 'జీఎం పంట, తినకండి' అని పెదనాన్న. మిద్దె మీద మూడు చలికాలాలుగా వీటిని పెంచుతున్నా కాబట్టి, ఈ మూడింటికీ జవాబు చెప్పే డ్యూటీ నాదే. ఈ వారం మీకూ చెప్పేస్తా.

ముందు నారింజ రంగు సంగతి. 1970లో కెనడాలోని బ్రాడ్‌ఫర్డ్ మార్ష్ అనే చోట, తెల్ల గోబీ పొలంలో ఒక్క మొక్కకి నారింజ పువ్వు వచ్చింది. ఎవరూ ఏమీ కలపలేదు. జన్యువులో దానంతటదే వచ్చిన మార్పు. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు దాన్ని మామూలు రకాలతో ఏళ్ల తరబడి సంకరం చేసి, పొలంలో పండేలా మార్చారు. తమాషా ఏంటంటే, ఆ జన్యువు బీటా కెరోటిన్‌ని దాచుకునే చోటు పెంచుతుంది. అంటే ప్రాసెసర్ పాతదే, స్టోరేజ్ అప్‌గ్రేడ్ అయిందన్నమాట. క్యారెట్‌కి రంగిచ్చేదీ, మన ఒంట్లో విటమిన్ ఎగా మారేదీ ఈ బీటా కెరోటినే. ఢిల్లీలోని పూసా సంస్థ ఇదే గుణంతో 'పూసా బీటా కేసరి 1' అనే రకాన్ని తెచ్చింది. కిలోకి 8 నుంచి 10 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉంటుంది. తెల్ల గోబీలో అది లెక్కలోకి రానంత తక్కువ.

ఊదా రంగు ఆంథోసయనిన్‌ది. నేరేడు పండులో ఉండేదే. ఇటలీలోని సిసిలీ దీవిలో ఊదా గోబీ ఎప్పట్నుంచో ఉన్న నాటు రకం. ఆకుపచ్చ గోబీకి కారణం ఆకుల్లో ఉండే పత్రహరితమే.

మొదటిసారి ఊదా పువ్వు కోసి ఇంటికి తీసుకెళ్తే అమ్మ దాన్ని మధ్యకి కోసింది. లోపల కాడ తెల్లగా ఉంది. "చూశావురా, పైన రంగేశారు" అంది. నిజానికి ఆ రంగు ఎక్కువగా పైపొరల్లోనే ఉంటుంది. వాదించకుండా రెండు ముక్కలు ఉడికించి, ఆ నీలం నీళ్లలో నిమ్మకాయ పిండా. నీళ్లు గులాబీ రంగులోకి తిరిగాయి. ఇంకో గ్లాసులో చిటికెడు వంటసోడా వేస్తే నీలి పచ్చగా అయ్యాయి. పులుపుకి ఒకలా, సోడాకి ఇంకోలా మారడం ఆంథోసయనిన్ లక్షణం. అమ్మ నా మాట నమ్మలేదు, నిమ్మకాయని నమ్మింది. మీ ఇంట్లోనూ ట్రై చేయండి.

ఇక అసలు జాగ్రత్త విత్తనాల దగ్గర. ఆన్‌లైన్‌లో ముదురు నీలం గోబీ, ఇంద్రధనుస్సు గోబీ అని ప్యాకెట్లు కనిపిస్తాయి. అవి ఫొటో ఎడిటింగ్ పూలు. తెలుపు, నారింజ, ఊదా, ఆకుపచ్చ... ఈ నాలుగింటి ఛాయలే నిజం. ప్యాకెట్ మీద రకం పేరు, లాట్ నంబర్, మొలక శాతం, గడువు తేదీ లేకపోతే కొనకండి. పోయేది డబ్బు ఒక్కటే కాదు. హైదరాబాద్‌లో గోబీకి నచ్చే చలి రెండున్నర నెలలు. మొక్కకి ఒకటే పువ్వు. మోసపోయామని జనవరిలో తెలిస్తే మళ్లీ ఛాన్స్ వచ్చే ఏడాదే.

సెప్టెంబర్‌లో నారు పోయండి. 25, 30 రోజుల నారుని 15 అంగుళాల గ్రో బ్యాగ్‌కి ఒకటి చొప్పున నాటండి. ముదురు నారు నాటితే బొత్తాం అంత పువ్వే వస్తుంది. మట్టికి పశువుల ఎరువు, కొబ్బరి పీచు, గుప్పెడు వేపపిండి కలపండి. పక్కనే రెండు కుండీల్లో ఆవాలు చల్లండి. గోబీ ఆకుల్ని తూట్లు చేసే రెక్కల పురుగు ముందు ఆవ మొక్కల మీదే గుడ్లు పెడుతుంది. రైతులు దీన్నే ఎర పంట అంటారు. తెల్ల గోబీకి ఎండ తగిలితే పువ్వు పసుపెక్కుతుంది కాబట్టి ఆకులు కప్పి కడతారు. ఊదా, నారింజ రకాలకి ఆ పని లేదు. ఎండ తగిలితేనే రంగు బాగా పడుతుంది.

రోమనెస్కో అనే ఆకుపచ్చ రకం చూస్తే మన కోడర్లకి పిచ్చెక్కుతుంది. ప్రతి మొగ్గా పువ్వు కాబోయి, కాలేక, మళ్లీ మొగ్గలే వేస్తుంది. ఆపే కండిషన్ లేని రికర్షన్! ఈ విషయాన్ని ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు 2021లో 'సైన్స్' పత్రికలో వివరించారు. కాకపోతే దానికి చలి ఎక్కువ రోజులు కావాలి. ముందు ఊదా, నారింజలతో మొదలెట్టండి.

వండేటప్పుడు ఒక మాట. ఊదాని ఎక్కువసేపు ఉడికిస్తే రంగంతా నీళ్లలోకి పోతుంది. మూకుడులో త్వరగా వేయించండి. నారింజ గోబీకి నూనె తగలాలి, బీటా కెరోటిన్ ఒంటికి పట్టేది కొవ్వుతో కలిసినప్పుడే.

ఇంకోటి, రంగు రకాల్లో ఎక్కువ హైబ్రిడ్లే. వాటి గింజలు దాచి నాటితే అదే పువ్వు వస్తుందని గ్యారంటీ లేదు. ఏటా కొనాల్సిందే. ఒక్కో ప్యాకెట్‌లో మన మిద్దెకి అవసరమైన దానికంటే ఎక్కువ గింజలుంటాయి. అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు కలిసి తలో రంగు కొని పంచుకోండి. ఖర్చు మూడో వంతు, టెర్రస్ మీద మూడు రంగులు.